మన్యం కొండలకూ ఈ-పాస్ పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

ఈ వేసవిలో కుటుంబంతో తమిళనాడులోని నీలగిరులకు వెళ్లినప్పుడు, ఘాట్ రోడ్డు మొదలయ్యే కల్లారు చెక్‌పోస్టు వద్ద సిబ్బంది మా వాహనానికి ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకున్న ఈ-పాస్‌ను (ప్రవేశ అనుమతిని) సరిచూసి, డిక్కీ తెరిపించి, కోయంబత్తూరులో కొన్న లీటరు నీళ్ల సీసాలన్నీ దింపించారు. ఐదు లీటర్లలోపు ప్లాస్టిక్ నీళ్ల సీసాలకు ఆ జిల్లాలో అనుమతి లేదు. బదులుగా తాగునీటి ఏటీఎంలు పెట్టారు. కూనూరు దగ్గర రోడ్డును ఆనుకుని ఉన్న తేయాకు వరుసల్లో సైతం మొక్కల మొదళ్ల వద్ద సిల్వర్ ఓక్ ఆకులే రాలి ఉన్నాయి గాని, చిప్స్ కవర్లు పెద్దగా కనబడలేదు.

అక్కడ ఈ-పాస్ మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7న మొదలైంది. 2025 వేసవిలో నీలగిరులకు మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 పర్యాటక వాహనాలకు మించి వదలరాదని కోర్టు పరిమితి విధించింది. వ్యాపారులు అభ్యంతరపెట్టిన మాట నిజమే. అయితే స్థానికుల వాహనాలకు, ప్రభుత్వ బస్సులకు, అత్యవసర సేవలకు, పంట రవాణాకు మినహాయింపు ఉంది, పాస్‌కు రుసుమూ లేదు.

మన మన్యంలోనూ అదే సిల్వర్ ఓక్ నీడన, దానికి అల్లుకున్న మిరియాల తీగల నడుమ మన గిరిజన రైతులు కాఫీ పండిస్తున్నారు. చలికాలం వచ్చిందంటే మేఘాలు చూడడానికి విశాఖ నుంచి తెల్లవారకుండానే బయలుదేరే కార్లతో వంజంగి, లంబసింగి దారులు కిక్కిరిసిపోతాయి. మనం పారేసిన డిస్పోజబుల్ ప్లేట్లు, సీసాలు వానకు కొట్టుకుపోయి చేరేది వారి తోటల్లోకి, గెడ్డల్లోకి. ట్రాఫిక్ నిలిచిపోతే ఆ ఇరుకు మలుపుల్లో అంబులెన్స్ కూడా కదలలేదు. నెలలు నిండిన గర్భిణిని పాడేరు ఆస్పత్రికి తీసుకువెళ్లవలసిన కుటుంబం మన సెల్ఫీల కోసం ఎందుకు ఆగాలి?

నవంబరు నుంచి జనవరి వరకైనా అరకు, పాడేరు, లంబసింగి దారులకు ఈ-పాస్ పెట్టి, శృంగవరపుకోటలోను, పాడేరు ఘాట్ కింద, నర్సీపట్నం వైపున తనిఖీ కేంద్రాలు తెరవాలని అల్లూరి సీతారామరాజు జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాను. గిరిజనుల వాహనాలను, వారపు సంతలకు వెళ్లే జీపులను, ఆటోలను ఆపకూడదు. నీటి కేంద్రాలు ముందుగా ఏర్పాటు చేసి ఆ తరువాతే సీసాలు నిషేధించాలి. రోజుకు ఎన్ని వాహనాలు వదలాలన్నది ఆయా గ్రామసభలను అడిగి నిర్ణయించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం