గొర్రెలు కాచాను రా ఫ్యూజూ

అడిలైడ్
23 అక్టోబరు 2016, ఆదివారం రాత్రి

ఒరేయ్ ఫ్యూజూ,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసుకో, తర్వాత చదువు. "బతికున్నావా, గాలికి కొట్టుకుపోయావా" అని నువ్వు రాసి మూడు వారాలు దాటింది. బతికే ఉన్నాను అని ఒక్క ముక్క పెడితే సరిపోయేది, కానీ ఆ ముక్క రాస్తే మిగతాది ఇంక రాయనని నాకు తెలుసు. అందుకే పూర్తిగా రాద్దామని ఆగాను, ఆగీ ఆగీ ఇదిగో ఈ రోజుకి తేలాను.

కబుర్లు గబగబా చెప్పేస్తాను. పాపకి పళ్ళు వస్తున్నాయి, మాకు నిద్ర పోయింది. మీ చెల్లెలికి ఏజ్డ్ కేర్‌లో, అంటే ముసలివాళ్ళ ఆశ్రమంలో, నైట్ షిఫ్టులు. అద్దె పెంచారు. అమ్మని మోకాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళావట, అమ్మే చెప్పింది. థాంక్స్ చెప్పను, చెప్తే నువ్వు ఏమంటావో తెలుసు. దీపావళి వచ్చే ఆదివారమే, ఇక్కడ మన ఇష్టానికి టపాసులు కాల్చకూడదు కాబట్టి చెప్పుకోడానికేం లేదు. అంతే.

ఇప్పుడు అసలు సంగతి. నేను గొర్రెలు కాచాను రా. నిజంగా. వానలో, నూట ఇరవై గొర్రెల్ని. పాలిటెక్నిక్‌లో మనకి మెషీన్స్ చెప్పిన మాస్టారు నోటి వాక్కు పదమూడేళ్ళకి ఫలించింది!

సెప్టెంబరు 28, బుధవారం. తుఫాను వస్తుందని రెండు రోజుల ముందు నుంచీ టీవీలో ఒకటే చెప్తున్నారు. ఇక్కడ వసంతం అంటే మన ఉగాది నాటి వాతావరణం అనుకుంటావేమో, కాదు బాబూ. సెప్టెంబరు, అక్టోబరుల్లో దక్షిణ సముద్రం నుంచి చల్లగాలి, ఉత్తరాన ఎడారి వైపు నుంచి వెచ్చటి గాలి ఎదురుపడితే ఆకాశం పిచ్చెత్తిపోతుంది. అయినా పార్సిళ్ళు ఆగవు కదా. "తొందరగా వెళ్ళి తొందరగా వచ్చెయ్" అన్నాడు మా బాసు. నా బుధవారం రూటు క్లేర్, గ్లాడ్‌స్టోన్, లారా, విర్రబారా, మెల్‌రోజ్. ఇంటి నుంచి రెండు వందల యాభై కిలోమీటర్లు పైనే. రోడ్డుకి రెండు పక్కలా కెనోలా చేలు, మన ఆవ చేను పూసినట్టు పసుపు. దాని మీద నల్లటి ఆకాశం. అంత అందంగా ఉండేసరికి వ్యాన్ ఆపి ఫోటో కూడా తీశాను, అప్పుడే తిరిగి వచ్చేసి ఉంటే ఈ ఉత్తరమే లేదు.

మధ్యాహ్నం మూడున్నర దాటింది. మర్రీ టౌన్ దాటి మెల్‌రోజ్ వైపు పోతున్నాను. ముందు వడగళ్ళు. వ్యాన్ టాపు మీద ఎవరో కంకర తట్టలు కుమ్మరిస్తున్నట్టు మోత. పక్కకి తీసి ఆపాను. తర్వాత వాన అడ్డంగా, అంటే నిజంగా అడ్డంగా, ఎడమ కిటికీ మీద పడి కుడి కిటికీ మీద పడకుండా కొట్టింది. చెవులు దిబ్బడేశాయి. వ్యాన్ ఇటూ అటూ ఊగడం మొదలెట్టింది. స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను, ఆగి ఉన్న బండికి స్టీరింగ్ పట్టుకుంటే ఏం లాభమో నన్నడక్కు. ఆంజనేయ దండకం సగం వచ్చింది, మిగతా సగం గుర్తు రాలేదు. అదంతా మూడు నాలుగు నిమిషాలే ఉంటుంది. సుడిగాలిని నేను కళ్ళారా చూడలేదు, వాన గోడ తప్ప ఏమీ కనబడలేదు. ఆ రోజు ఈ సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్రంలో అలాంటివి ఏడైనా వచ్చాయట. కరెంటు లైన్లని కొట్టిన రెండూ ఒకదానికొకటి 170 కిలోమీటర్ల దూరంలో, దాదాపు ఒకే సమయంలో. వేగం గంటకి 190 నుంచి 260 దాకా.

తెరిపిచ్చాక కిందికి దిగి చూస్తే, ఫ్యూజూ, టవర్లు పడుకుని ఉన్నాయి.

నువ్వు హుద్‌హుద్‌లో చూశావు, నీకు కొత్త కాదు. నాకు కొత్త. 275 కేవీ కరెంటు లైను టవరు నడుం దగ్గర మడిచేసి, తల నేలకి ఆనించి ఉంది, ఒంటె మోకాళ్ళ మీద కూర్చుంటుందే, అలా. దాని వెనకాల ఇంకోటి. ఇన్సులేటర్ల దండ బురదలో. కండక్టరు తీగ చేను మీదుగా పాములా పడి కంచె మీదికి వాలి ఉంది. కంచె ఇనప తీగల కంచె రా! నీకు అర్థమైంది కదా నేను ఎక్కడ చూస్తున్నానో.

అప్పుడే ఒక యూట్, అంటే వెనక తొట్టి ఉన్న బండి, వచ్చింది. దాంట్లో ముసలాయన, డెబ్బై ఉంటాయి, వెనక గొర్రెలు కాసే కెల్పీ జాతి కుక్క. ఎర్ర యూకలిప్టస్ చెట్టు కూలి కంచె ఇంకో చోట పోయింది, గొర్రెలు పిల్లలతో సహా తీగ పడ్డ వైపుకే పోతున్నాయి. ఆయన గేటు గొళ్ళెం మీద చెయ్యి పెట్టబోతున్నాడు. నేను అరిచాను. ఇంగ్లీషులోనా తెలుగులోనా తెలీదు, "ఆగు" అన్నట్టు గుర్తు. ముసలాయన ఆగాడు. "కరెంటు పోయిందయ్యా, ఇంట్లో లైట్లు లేవు, ఇది చచ్చిన తీగే" అన్నాడు. రీక్లోజ్ అయితే? అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. అవతల సబ్‌స్టేషన్‌లో బ్రేకరు దానంతటదే మళ్ళీ పడితే, ఈ కంచె మొత్తం, నువ్వు నిల్చున్న నేలతో సహా… అని చేతులు తిప్పుతూ చెప్పాను. స్టెప్ పొటెన్షియల్ అన్న మాట నోట్లోంచి దానంతటదే వచ్చింది. మాస్టారు బోర్డు మీద గీసిన ఆవు గుర్తుందా? ముందు కాళ్ళకీ వెనక కాళ్ళకీ మధ్య వోల్టేజీ, మనిషి కంటే నాలుగు కాళ్ళ జంతువుకే ఎక్కువ ప్రమాదం అని చెప్తూ గీసింది. అది ఆవు కాదు సార్ కుక్క అని నువ్వు నవ్వితే ఇద్దర్నీ గెంటాడు కదా, "మీరు గొర్రెలు కాచుకోడానికే పనికొస్తార్రా" అని. ఆ చేలో వానలో నిలబడి నాకు అదే ఆవు కనబడింది. పగలబడి నవ్వాను. ముసలాయన నాకు దెబ్బ తగిలిందేమో అనుకున్నాడు.

సరే, గేటు ముట్టుకోకుండా చుట్టూ తిరిగి, చెట్టు పడ్డ చోట నుంచి లోపలికి పోయి, తీగకి దూరంగా ఉంటూ గొర్రెల్ని అవతలి చేలోకి తోలాలి. కుక్క ఒక వైపు, నేను ఒక వైపు. ఆ కుక్కకి ఉన్న తెలివిలో సగం నాకు ఉంటే నా బతుకు ఇలా ఉండేది కాదు. ఆయన ఈల వేస్తే అది వంగి, పొట్ట నేలకి ఆనించి, ఒక్క చూపు చూస్తుంది, ముప్పై గొర్రెలు తిరిగిపోతాయి. నేను "హేయ్ హేయ్" అని చేతులు ఊపితే అదే ముప్పై నా మీదికి వస్తాయి. బురదలో రెండుసార్లు పడ్డాను. ఒక పిల్లని చంకలో వేసుకుని మోశాను, తడిసిన గొంగడి వాసన, దాని గుండె నా చేతి కింద టపటపా కొట్టుకుంటోంది. గంట పట్టింది. ఒక్కటి కూడా పోలేదు.

అంతా అయ్యాక ఆయన నన్ను చూసి, "ఆ కరెంటు సంగతులన్నీ నీకెలా తెలుసు" అన్నాడు. ఎలక్ట్రికల్ చదివాను అన్నాను. "మరి వ్యాన్ ఎందుకు నడుపుతున్నావు?"

ఏం చెప్పను రా. ఇక్కడ లైసెన్సు కావాలి, దానికి మన చదువు ఇక్కడ దేనికి సమానమో లెక్క కట్టించుకోవాలి, దానికి డబ్బు, టైము… ఇవన్నీ మూడేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నవే. ఆయనకి చెప్పబోతే నాకే సాకుల్లా వినిపించాయి. "చూడాలి" అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు.

డీజిలు పావు ట్యాంకు ఉంది. తిరుగు దారిలో కొట్టిద్దాంలే అనుకున్నాను. కరెంటు లేకపోతే బంకులో పంపు తిరగదు కదా, ఆ ముక్క నాకు తట్టలేదు, ఆయనకి తట్టింది. ఇంటికి తీసుకెళ్ళి, షెడ్డు పక్కన ట్రాక్టరు కోసం పెట్టుకున్న ట్యాంకు నుంచి చేతి పంపుతో ఇరవై లీటర్లు పోశాడు. డబ్బు తీసుకోలేదు. నా దగ్గర మీ చెల్లెలు కట్టిన పులిహోర డబ్బా అలాగే ఉంటే ఇచ్చేశాను. మళ్ళీ బుధవారం వెళ్తే డబ్బా శుభ్రంగా కడిగి, దాన్నిండా కోడిగుడ్లు పెట్టి ఇచ్చాడు.

ఇంకో ముక్క, ఇది నీ కోసమే, మీ చెల్లెలికి చెప్తే ఆవలించింది. నేను ఆ టవర్ల దగ్గర నిలబడి, ఈ చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకి కరెంటు పోయుంటుందిలే అనుకున్నాను. రేడియో పెడితే రాష్ట్రం మొత్తం పోయిందట! మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా దీనికి మూడో వంతు రావు. ఎనిమిదిన్నర లక్షల కనెక్షన్లు, 3:48కి ఒక్కసారిగా. ఇరవై మూడు టవర్లు పోయాయి, కానీ అసలు కథ అది కాదుట. మొన్న వచ్చిన రిపోర్టు చదివాను. ఆ వేళకి లోడు 1,826 మెగావాట్లు, అందులో 883 గాలిమరలవి, 613 పక్క రాష్ట్రం విక్టోరియా నుంచి. లైన్లు పడుతుంటే రెండు నిమిషాల్లో ఆరుసార్లు వోల్టేజ్ డిప్, అంటే చటుక్కున పడిపోవడం. ఇన్నిసార్లు మించి డిప్ వస్తే తప్పుకోవాలని గాలిమరల కంట్రోల్‌లో ఒక లెక్క పెట్టి ఉందట, ఆ లెక్క దాటగానే ఏడు సెకన్ల లోపు 456 మెగావాట్లు హుష్. ఆ భారమంతా విక్టోరియా నుంచి వచ్చే హేవుడ్ లైను మీద పడింది, అదీ ట్రిప్. ఫ్రీక్వెన్సీ గోవిందా, దాంతో రాష్ట్రం మొత్తం గ్రిడ్ ఆగిపోయింది. గాలిమరలే కొంప ముంచాయని ప్రధాని దగ్గర్నుంచి అందరూ రాజకీయం మొదలెట్టారు. నాకైతే అది సెట్టింగు తప్పు అనిపిస్తోంది, నువ్వు సిగరెట్ రేకుతో హాస్టల్ ఫ్యూజు వేసి మూడు బ్లాకులు ఆర్పేశావు చూడు, అప్పుడు కరెంటుది తప్పా? నీ అభిప్రాయం రాయి, వివరంగా. నీకు ఫోటో పంపాను కదా స్టోబీ స్తంభాలు, రెండు ఇనప పట్టాల మధ్య కాంక్రీటు పోసినవి, 1924లో ఇక్కడి ఇంజనీరే కనిపెట్టినవి, మా వీధిలో అవి ఒక్కటీ కదల్లేదు. ఊళ్ళో స్తంభాలన్నీ నిక్షేపంగా నిలబడి ఉన్నాయి, కరెంటు మాత్రం లేదు.

ఇంటికొచ్చేసరికి పదవుతోంది. గాలర్ దాటాక రోజూ కనబడే ఊరి వెలుగు చాలా మేరకి లేదు. సిగ్నళ్ళు చచ్చిపోయి ఉన్నాయి, అయినా ఒకడి తర్వాత ఒకడు ఆగి, చెయ్యి ఊపి, దారిచ్చుకుంటూ పోతున్నారు. జగదాంబ జంక్షన్ తలుచుకున్నాను. ఫోను అరగంటకోసారి ఒక గీత చూపించి పోతోంది. మీ చెల్లెలు పాపని ఎత్తుకుని కొవ్వొత్తి పెట్టుకుని గుమ్మంలోనే కూర్చుని ఉంది. తిట్టలేదు. అది ఇంకా భయం. మా పేటకి కరెంటు పదకొండు దాటాక వచ్చింది, పశ్చిమాన ఎయిర్ పెనిన్సులా వాళ్ళకైతే రోజులు పట్టింది. మర్నాడు మళ్ళీ గాలి, పక్కింటి వాళ్ళ ట్రాంపొలిన్ ఫెన్సు దాటొచ్చి మన బట్టల దండెం మీద కూర్చుంది, ఆ కథ ఇంకోసారి.

ఆ గుమ్మంలో ఆమెని చూసినప్పుడు హుద్‌హుద్ గుర్తొచ్చింది రా. నాలుగు రోజులు అమ్మకి ఫోను కలవలేదు నాకు. నువ్వు డ్యూటీలో నిద్ర లేకుండా ఉండి కూడా, చెట్లు దాటుకుంటూ మర్రిపాలెం వెళ్ళి, ఎవరి ఫోనుతోనో అమ్మ చేత రెండు మాటలు మాట్లాడించావు. "నీళ్ళున్నాయి, బియ్యం ఉన్నాయి, నువ్వు అన్నం తిను" అంది. నేను అప్పుడు కూడా వ్యాన్‌లోనే ఉన్నాను, రోడ్డు పక్కన. ఎందుకు చెప్తున్నానో నాకే

సరే, ఒక పని. నవ్వకు. మన పాలిటెక్నిక్‌కి వెళ్ళి నా డిప్లొమా ట్రాన్‌స్క్రిప్టు కావాలని అడుగు, మూడేళ్ళ సిలబస్ కాపీ కూడా, స్టాంపు వేయించి. మార్కుల మెమోలు స్కాన్ చేసి దీనితో పంపుతున్నాను. మెషీన్స్‌లో నా మార్కులు చూడకు. ఫీజు ఎంతైతే అంత ఇచ్చెయ్, పంపుతాను. మాస్టారు ఇంకా అక్కడే ఉంటే మాత్రం ఆ గొర్రె పిల్ల ఫోటో చూపించి

పాప లేచింది, మీ చెల్లెలు షిఫ్టుకి బయల్దేరుతోంది. ఉంటాను.

నీ
గొర్రెలోడు