పేరు మాత్రం ఎర్ర సిరాతో వద్దు

సంపాదకులకు నమస్కారం.

కొరియా వాళ్లకు ఎరుపంటేనే పడదని ఈమధ్య మీ ఆదివారం అనుబంధంలో రాశారు. అంత మాట అనడానికి లేదు. 2002 ప్రపంచకప్ ఫుట్‌బాల్ రోజుల్లో సియోల్ వీధుల నిండా ఎర్ర చొక్కాలే. సంప్రదాయ పెళ్లిలో వధువుకు నుదుట, రెండు బుగ్గల మీద ఎర్ర బొట్లు పెడతారు. డిసెంబరులో పగలు బాగా కురచయ్యే రోజున ఎర్ర గింజలతో జావ కాస్తారు, పీడ పోతుందని. మగపిల్లాడు పుడితే గుమ్మానికి కట్టే గడ్డితాడుకు ఎండుమిరపకాయలు గుచ్చేవారట. మిరపకాయలతో దిష్టి తీసే మనకు ఇందులో వింతేముంది?

పట్టింపల్లా ఒక్కచోటే. బతికున్న మనిషి పేరు ఎర్ర సిరాతో రాయకూడదు. రాస్తే ఆ మనిషికి కీడని, చావు కోరినట్టేనని నమ్మకం. 1453 నాటి తిరుగుబాటులో సుయాంగ్ అనే కొరియా రాకుమారుడు చంపాల్సినవాళ్ల పేర్లు ఎర్రగా రాయించాడని ఒక కథ. కుటుంబ రిజిస్టర్లలో చనిపోయినవాళ్ల పేర్లను ఎర్ర గీతతో కొట్టేసేవారు, అందుకేనని ఇంకొందరంటారు. కారణం ఏదైనా, ఇవన్నీ నమ్మం అనే కుర్రకారు కూడా ఎర్ర పెన్ను పక్కన పెట్టి ఇంకో పెన్ను వెతుక్కుంటారు. చిత్రమేమిటంటే సంతకం బదులు వేసే పేరు ముద్రకు వాడేది ఎర్ర సిరాయే! దానికి ఏ అభ్యంతరమూ లేదు.

ఇదంతా మనకెందుకంటే, ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక పెనుకొండ చుట్టుపక్కల కొరియా వాళ్లు కాపురాలుంటున్నారు. ఆమధ్య ఇక్కడ జరిగిన ఒక సభలో అతిథులకిచ్చిన ప్రశంసాపత్రాల మీద, నిండుగా కనబడాలని కాబోలు, పేర్లు ఎర్ర స్కెచ్ పెన్నుతో రాశారు. కొరియా పెద్దాయన నవ్వుతూనే అందుకున్నారు గానీ, కుర్చీలో కూర్చోగానే దాన్ని బోర్లించి పెట్టుకున్నారు. ఇచ్చినవాళ్లకు ఆ సంగతే తెలియదు. వాళ్లను తప్పుపట్టలేం, ఎవరైనా చెబితే కదా!

అందుకే జిల్లా అధికారులకు నా మనవి: ఆసుపత్రులకు, బడులకు, హోటళ్లకు, పోలీసు స్టేషన్లకు ఈ ఒక్క ముక్క రాసి పంపండి. ఓపీ చీటీ అయినా, హాజరు పట్టీ అయినా, బహుమతి పత్రమైనా పేరు నీలం సిరాతోనో నల్ల సిరాతోనో రాయమనండి. పైసా ఖర్చు లేని పని. మార్కులు ఎర్రగా వేసినా ఫర్వాలేదు, అక్కడి టీచర్లూ అలాగే దిద్దుతారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెనుకొండ, శ్రీసత్యసాయి జిల్లా