బస్టాండు వెనక ఆట మా ఇంటికొచ్చింది

మారతహళ్ళి, బెంగళూరు
ఆదివారం రాత్రి

రేయ్ మామా,

ఎలా ఉన్నావు? అమ్మను అడిగానని చెప్పు. ఫోన్‌లో సగం చెప్పి పెట్టేశాను కదా, మిగతాదంతా ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా. ఆర్కేడ్ పెట్టె నిలబడింది రా! హాల్లో, టీవీ పక్కన. మన హిందూపురం బస్టాండు వెనక రూపాయి బిళ్ళ వేసి ఆడామే, అచ్చం అలాంటిదే, కాకపోతే కొంచెం పొట్టిది.

కిట్ రెండు అట్టపెట్టెల్లో వచ్చింది. ఎం‌డీఎఫ్ పలకలు (చెక్కపొడిని జిగురుతో అదిమి చేసినవి), స్క్రీను, స్టిక్కులు, బటన్లు, ఆటలున్న బోర్డు, ఓ గుప్పెడు స్క్రూలు. పలకలు నేలమీద పరిచి, మా చిన్నది స్క్రూలన్నీ గిన్నెల్లో సైజు ప్రకారం వేరు చేసింది. తొమ్మిదేళ్ళ పిల్లకి ఎంత ఓపికో! ఎడమ పలక కుడివైపు బిగించేశానని సగం పనయ్యాక గాని తెలియలేదు. అంతా విప్పాల్సి వచ్చింది. ఎం‌డీఎఫ్‌లో ఒకే రంధ్రంలో స్క్రూని రెండుమూడుసార్లు తిప్పితే లోపల పొడి రాలిపోయి పట్టు పోతుంది. అందుకని రెండోసారి కొంచెం ఫెవికాల్ పెట్టి, స్క్రూడ్రైవర్ చేత్తోనే నెమ్మదిగా తిప్పా. అంచులకి వేసే టీ ఆకారం రబ్బరు పట్టీ గాడిలోకి దిగనంటే, అప్పడాల కర్రకి తువ్వాలు చుట్టి కొట్టా. చక్కగా కూర్చుంది.

అసలు తిప్పలు వైర్ల దగ్గర. వైరు చివర ఉండే క్లిప్పులు 4.8 మిల్లీమీటర్లవి, బటన్ కాళ్ళు 2.8వి. పెట్టగానే పట్టినట్టే ఉంటుంది, రెండు నొక్కులు నొక్కేసరికి ఊడిపోతుంది. కిందటి వారం శనివారం ఎస్పీ రోడ్డుకి పోయా. ఆ సందుల్లో దొరకని ఎలక్ట్రానిక్ సామాను ఉండదు రా, నువ్వొస్తే ఒక పూటంతా అక్కడే తిప్పుతా. చిన్న కొట్టతన్ని నాకొచ్చిన కన్నడంలో అడిగితే తెలుగులోనే జవాబిచ్చాడు, మదనపల్లె మనిషట. నా వైరు చూసి, డబ్బాలోంచి సరైన క్లిప్పులు ఏరి, ఒకటి తనే నొక్కి చూపించి పంపాడు.

ఇక ఆన్ చేశాం. దయ్యాలకి దొరక్కుండా చుక్కలన్నీ తినేసే మన ఆట ఉందే, ఆ పాక్‌మాన్ పాట మోగింది. నాకు ఒళ్ళు జలదరించింది, మామా. కానీ ఆడుతుంటే మలుపులు తప్పుతున్నాయి. పైకి తిప్పాలంటే పక్కకి పోతున్నాడు. చెయ్యి మర్చిపోయిందేమో అనుకుని రెండు రోజులు బాధపడ్డా.

చెయ్యి మర్చిపోలేదు రా. స్టిక్ అడుగున నాలుగు వైపులా నాలుగు చిన్న స్విచ్‌లుంటాయి. స్టిక్ మూలకి పోతే రెండు స్విచ్‌లు ఒకేసారి టక్‌మంటాయి. ఫైటింగ్ ఆటలకి అలాగే కావాలి. పాక్‌మాన్‌కి మూలల్లేవు, నాలుగే దారులు. 1980లో జపాన్ కంపెనీ నామ్కో వాళ్ళు దాన్ని తెచ్చినప్పుడు పెట్టెకి నాలుగు దిక్కులకే కదిలే స్టిక్ పెట్టారు, ఆడటానికి బటనే లేదు. మా స్టిక్ కింద చదరపు ప్లాస్టిక్ పలక ఒకటి ఉంది, స్టిక్ ఎంతవరకు పోవాలో ఆపేది అదే. దాన్ని విప్పి 45 డిగ్రీలు తిప్పి బిగించా. మూలలు మూసుకుపోయాయి. స్టిక్ కదిపితే ఒక్కటే టక్. మన వేళ్ళకి గుర్తున్నది ఆ టక్కే! బొమ్మ ఫోన్‌లోనూ కనిపిస్తుంది, ఇది మాత్రం అక్కడ దొరకదు. ఇన్ని డబ్బులెందుకు పోశావని అడిగావే, దీనికే.

ఇంకోటి. ఎర్ర దయ్యం మన మీద పగ పట్టిందని, చివర్లో ఉరికొస్తుందని నువ్వు అనేవాడివి, నేను కొట్టిపారేసేవాణ్ణి. నువ్వన్నదే నిజం. మొదటి స్టేజీలో 244 చుక్కల్లో 20 మిగిలేసరికి దాని వేగం నిజంగానే పెరుగుతుంది, ఆటని అలాగే తయారుచేశారు. ఇన్నేళ్ళ తర్వాత ఒప్పుకుంటున్నా.

రెండో శనివారం రైలెక్కు. యలహంకలో దిగితే నేనొచ్చి తీసుకెళ్తా. అమ్మ చేతి ఓళిగలు ఒక డబ్బా తీసుకురా, చిన్నది అప్పుడే అడుగుతోంది. రెండో స్టిక్ ఇంకా బిగించలేదు. పలకా, స్క్రూలూ గిన్నెలో అలాగే ఉంచా, నువ్వొచ్చాక ఇద్దరం కలిసి బిగిద్దాం.

నీ
మామ