ఆ అంకె పక్కన టైము చూశావా?

మారతహళ్లి, బెంగళూరు

ఒరేయ్ రమణా,

నీ రిపోర్టు ఫొటో చూశాను. ఒత్తిడిలో పెరిగే కార్టిసాల్ అనే హార్మోను ఎక్కువుందని నువ్వు పడుతున్న కంగారు ఫోన్‌లో నీ గొంతులోనే తెలిసింది. ముందు ఆ ఉమ్మి శాంపిల్ ఎన్నింటికి ఇచ్చావో, ఆ రోజు ఎన్నింటికి నిద్ర లేచావో రాసి పంపు. నువ్వు నైట్ డ్యూటీలు చేసేవాడివి కూడానాయె. ఆ రెండూ తెలియకుండా ఆ అంకెను చదవలేంరా.

మా ల్యాబులో రోజూ చూసేదే ఇది. లేచిన అరగంట, ముప్పావు గంటకి చాలామందిలో కార్టిసాల్ బాగా పెరుగుతుంది. తర్వాత దిగుతూ దిగుతూ అర్ధరాత్రికి అడుగంటుతుంది. ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైము దీనికి ఎదురు నడక: లేవగానే తగ్గి, సాయంత్రానికి పెరుగుతుంది. ఒకే నోట్లో ఒకటి ఎక్కుతుంటే ఇంకొకటి దిగుతుంటుంది. నాకైతే ఇప్పటికీ అబ్బురమే!

శాంపిల్ ఇచ్చే తీరు కూడా ముఖ్యం. దూది చుట్ట కాసేపు నమిలి ట్యూబులో వేస్తారు కదా, దాన్ని మేం గిర్రున తిప్పితే అడుగున తేటగా నీళ్లు చేరతాయి. ఒక్కోసారి లేత గులాబీ రంగు కనిపిస్తుంది. పళ్లు తోముకుని వెంటనే వచ్చారని, చిగుళ్ల రక్తం కలిసిందని అర్థం. ఉమ్మిలో కన్నా రక్తంలో కార్టిసాల్ చాలా ఎక్కువ కాబట్టి ఆ శాంపిల్ పనికిరాదు. కాఫీ తాగి వచ్చినా అంకె మారిపోవచ్చు.

ఇక టెన్షన్ సంగతి. 1993లో జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయం వాళ్లు జనాన్ని నలుగురి ముందు నిలబెట్టి మాట్లాడించారు, పైకి లెక్కలు చేయించారు. కార్టిసాల్ పెరిగింది, కానీ ఉమ్మిలో బాగా కనిపించేసరికి పరీక్షే అయిపోయింది. అంటే ఆ చుక్క చెప్పేది ఇందాకటి సంగతి.

కొన్నిసార్లు నిన్నటి సంగతి కూడా. 2006లో షికాగో ప్రాంతపు పెద్దవయసు వాళ్ల మీద చేసిన పరిశోధన వచ్చింది. ముందురోజు ఒంటరిగా, దిగులుగా గడిపినవాళ్లకి మర్నాడు పొద్దున లేచాక వచ్చే కార్టిసాల్ పెరుగుదల ఎక్కువగా ఉందట. అది చదివినప్పుడు నువ్వే మెదిలావు. నీ అంకెకు అదే కారణమని అనడం లేదు, ఒక్క శాంపిల్‌తో ఎవరూ అనలేరు. కానీ ఆ ఊళ్లో నువ్వు ఒక్కడివే ఉండటం నా మనసుకు నచ్చడం లేదురా.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు నీ డ్యూటీ టైములు తప్పకుండా చెప్పు. రాత్రి పూట ఇంకో శాంపిల్ అడిగితే బెదిరిపోకు. అప్పుడు తక్కువగా ఉండాల్సింది అలా ఉందో లేదో చూడటానికే అడుగుతారు. సెలవు దొరగ్గానే బస్సెక్కి వచ్చెయ్. మడివాళలో దిగు, నేను వచ్చి తీసుకెళ్తాను.

నీ
శీను