బందకు గోడ కట్టారు, గేదె దిగే దారేదీ?

సంపాదకుల వారికి నమస్కారం.

మా ఊరి బంద, అంటే చిన్న చెరువు చుట్టూ గోడ కట్టి, నడవడానికి బాట వేశారు, బెంచీలు పెట్టారు. బాగుంది, కాదనను. సాయంత్రమైతే నేనూ అక్కడే కూర్చుంటున్నాను. కానీ నాలుగు పక్కలా నిలువు గోడే. పశువు నీళ్లలోకి దిగడానికి జానెడు వాలు వదల్లేదు. అడిగితే 'నీటి తొట్టి కట్టించాం కదా' అన్నారు. తొట్టిలో మూతి పెడితే దాహం తీరుతుంది. ఒంటి వేడి ఎలా తీరుతుంది?

ఆవుకు చెమట పడుతుంది, అది ఆరుతుంటే ఒళ్లు చల్లబడుతుంది. గేదెకు చెమట గ్రంథులు ఆవుకన్నా చాలా తక్కువ. పైగా నల్ల తోలు, పల్చటి బొచ్చు. ఎండ వేడంతా లాగేసుకుంటుంది. ఒళ్లు వేడెక్కితే తోలు కింది రక్తనాళాలు వెడల్పై, లోపలి వేడిని రక్తం పైకి మోసుకొస్తుంది. అక్కణ్నుంచి దాన్ని లాక్కుపోవడానికి నీళ్లుండాలి. మెడదాకా మునిగి కళ్లు మూసుకున్న గేదెను చూసి బద్ధకం అనుకుంటాం గానీ, అది చేస్తున్న పని అదే. పొర్లినప్పుడు అంటిన బురద జోరీగల్ని కుట్టనివ్వదు.

మొన్న మే నెలలో మా చూడి గేదె మిట్టమధ్యాహ్నం నోరు తెరిచి, నాలుక వేలాడేసి రొప్పింది. నోటి నుంచి తీగలా చొంగ. డాక్టరు గారు థర్మామీటర్ పెడితే 104 దాటింది. ఫారెన్‌హీట్‌లో 101 దగ్గర ఉండాల్సింది. తడి గోనెలు కప్పాం. మా అమ్మ బోరింగు కొడుతుంటే నేను బిందెలు మోశాను. ఇరవై దాకా లెక్కపెట్టి మానేశాను. సాయంత్రానికి గానీ అది మేత ముట్టలేదు.

వేడికి పాలు తగ్గడం పాల కేంద్రంలో ఆ పూటే తెలుస్తుంది. తెలియనిది మూగ ఎద. చూలుకు సిద్ధమై ఎదకొచ్చినా వేసవిలో గేదె చాలాసార్లు అరవదు. మనం పసిగట్టకపోతే మళ్లీ 21 రోజులు ఆగాలి. అలా రెండు మూడుసార్లు తప్పితే దూడ పుట్టే ఈతే వెనక్కి పోతుంది.

గోడంతా పగలగొట్టమనడం లేదు. పడమటి పక్క పాత రేవు ఉన్నచోట రెండు బళ్ల వెడల్పున వాలు తీసి గరుకు రాయి పరిపించండి. నున్నటి సిమెంటు వద్దు, గిట్టలు జారతాయి. మిగతా ఊళ్లలో చెరువు గట్లకు ఎస్టిమేట్లు వేసే ఇంజినీర్లు అందులో పశువుల రేవు కూడా ఒక పద్దుగా రాయాలి. మా ఊళ్లో పని వచ్చే మేలోపు అయితే, మా అమ్మకు ఆ బోరింగు తప్పుతుంది.

- ఒక పాడి రైతు,
గజపతినగరం మండలం, విజయనగరం జిల్లా