లూయీ కాన్ మీద రాస్తూ అహ్మదాబాద్‌ని ఎలా మర్చిపోయారు?

సంపాదకుడు గారికి నమస్కారం,

పోయిన ఆదివారం అనుబంధంలో అమెరికన్ ఆర్కిటెక్ట్ లూయీ కాన్ మీద అర పేజీ వేశారు. ఊరుకుందామనే అనుకున్నా, నాలుగు రోజులైనా మనసు ఒప్పుకోలేదు. అందులో సగం ఆయన మూడు సంసారాల గొడవే, మిగతా సగం న్యూయార్క్ రైల్వే స్టేషన్ బాత్రూంలో ఎలా చనిపోయాడు, ఎంత అప్పు మిగిల్చాడు అని. నిజాలే, కాదనను. కానీ 1974 మార్చిలో ఆ 73 ఏళ్ల మనిషి ఎక్కణ్ణుంచి ఇంటికెళ్తూ పోయాడో ఒక్క ముక్క రాయొద్దా? మన అహ్మదాబాద్ నుంచండీ, అక్కడి మేనేజ్‌మెంట్ కాలేజీ ఐఐఎం కట్టడం పని చూసుకుని!

ఎస్టోనియాలో పుట్టి, పసితనంలో నిప్పులకి మొహం కాలి, ఫిలడెల్ఫియాకి వలసెళ్లిన పేదింటి పిల్లాడు. యాభై దాటాక గానీ పేరు రాలేదు. అమెరికాలో సాల్క్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ, కింబెల్ ఆర్ట్ మ్యూజియం కట్టాడు, ఢాకా పార్లమెంటు పూర్తయ్యేసరికి 1982, అది చూసుకునే రాత లేకపోయింది. మన ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషి గారి చొరవతో 1962లో అహ్మదాబాద్ పని ఒప్పుకుని అక్కడి ఇటుకతోనే కట్టాడు.

నేను రిటైరైన సివిల్ ఇంజనీర్ని. ఓ మే నెల మిట్టమధ్యాహ్నం ఐఐఎం ఇటుక గోడల్లో ఉన్న పెద్ద గుండ్రటి కంతల వెనక వరండాలో నిలబడ్డా, బయట మాడిపోతుంటే లోపల ప్రాణం లేచొచ్చింది. అదే గోడకి తెల్లగా ఉప్పు పట్టి ఉంది, గోరుతో గీకితే ఇటుక పొడిపొడిగా రాలింది, కడుపు తరుక్కుపోయింది.

2020 డిసెంబర్లో ఐఐఎం వాళ్లు కాన్ కట్టిన 18 హాస్టళ్లలో 14 కూల్చేస్తామన్నారు, ప్రపంచమంతా గోలపెడితే కొత్త సంవత్సరం రోజున వెనక్కి తగ్గారు, 2022లో మళ్లీ పడగొట్టి కడతామనే మాటే. అదే క్యాంపస్‌లో లైబ్రరీని చక్కగా బాగుచేస్తే 2019లో యునెస్కో అవార్డొచ్చింది కదా, మరి హాస్టళ్లకెందుకు కుదరదు? మన దేశంలో ఎక్కడైనా ఇదే వరస, స్లాబు కారుతుంటే ఏళ్ల తరబడి ఒక్క అధికారీ తలెత్తి చూడడు, చివరికి శిథిలమైందని నోటీసు అంటిస్తారు. ఉస్మానియా ఆసుపత్రి పాత భవనంలో 2020 వానలకి వార్డుల్లో నీళ్లు నిలిచి ఖాళీ చేయించాల్సొచ్చింది, ఆ గతి ఒక్క వానతో పట్టిందా?

దయచేసి ఆ హాస్టళ్ల మీద ఫోటోలతో ఒక ఫుల్ పేజీ వెయ్యండి, అవి నిలబడి ఉండగానే.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, విజయవాడ