కొత్త కంప్యూటర్ కొనబాక బావా

కావలి

ఒరే బావా,

బాగుండావా? ఒంగోల్లో చెల్లెమ్మా పిల్లలూ కులాసానే కదా. కంప్యూటర్ సంగతి రాశావు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయినాయి, నీ పాత పెట్టెలో టీపీఎం 2.0 అనే భద్రత చిప్పు లేదు కాబట్టి విండోస్ 11 ఎక్కదు, కొత్తది కొనుక్కోమని షాపతను చెప్పాడంటివి. అప్పుడే కొనబాక. ముందు విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్ వేసి చూద్దాం. నాలుగు జీబీ ర్యామ్ ఉంటే నడుస్తుంది.

ఉచితం కదా అని చెప్పడంలేదు నేను. మనూళ్లల్లో విండోస్‌కి మాత్రం ఎంతమంది డబ్బులు కట్టార్రా!

మా ఇంట్లో కంప్యూటర్ ఎక్కువ వాడేది నాయనే. పొద్దున్నే పేపర్లు, ఆనక రొయ్యల రేట్లు, కరెంటు బిల్లు, రాత్రికి యూట్యూబ్. అన్నీ ఫైర్‌ఫాక్స్‌లోనే అయిపోతాయి. తెలుగు కూడా ఐబస్ అనే టైపింగ్ సాధనంలో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టుకుంటే చక్కగా పడుద్ది. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే అలవాటుంటే దానికీ అందులోనే ఆర్‌టీఎస్ అనే పద్ధతి ఉంది. ఉత్తరాలకీ లెక్కల పట్టీలకీ లిబ్రెఆఫీస్ చాలు.

నీ దగ్గర చిక్కల్లా రెండు. చీమకుర్తి క్వారీ లెక్కలు టాలీలో రాస్తావు, అది విండోస్ మీదే నడుస్తుంది. విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్‌లో నడిపే వైన్ అనేది పెట్టి నడపచ్చని చెప్పేవాళ్లుంటారు గానీ, ఇంకొకరి డబ్బుల లెక్క దాని మీద పెట్టబాక. చెల్లెమ్మ పెళ్లిపత్రికలు చేసేది పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో. పేజ్‌మేకరూ లినక్స్‌కి లేదు. పైగా ఆ ఫాంట్ల రాత యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే కనపడే పద్ధతి) కాదు. ఫాంటు లేనిచోట తెరిస్తే తెలుగు పోయి ఇంగ్లీషు అక్షరాల గోల కనపడుద్ది. ఈ రెంటి కోసం విండోస్‌ని ఒక పక్కన ఉండనిచ్చి, ఇంటి వాడకానికి లినక్స్ రెండోదిగా పెట్టుకో.

అసలు లోటు వేరే ఉండాది. ఏదన్నా చెడితే మన సెంటర్లో షాపుకి తీసుకుపోతే, లినక్స్ అనంగానే ఫార్మాట్ కొట్టి విండోస్ వేసిస్తారు. కేరళలో సర్కారు బళ్లు ఎన్నో ఏళ్లుగా లినక్స్ మీదే నేర్పిస్తా ఉండాయి. అక్కడైతే అడగటానికి పక్కింట్లో పిల్లోడన్నా దొరుకుతాడు. నీకు నేనుండా గానీ, అందరికీ యాడనుంచి వస్తారు?

పండక్కి వస్తా, లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ తెస్తా. హార్డ్‌డిస్క్ ముట్టుకోకుండా దాన్నుంచే నడిపి చూడచ్చు. వైఫై, సౌండు, ప్రింటర్ పని చేసేదీ లేనిదీ అక్కడే తేలిపోద్ది. ఈలోగా పిల్లల ఫోటోలన్నీ వేరే డిస్కులోకి ఎక్కించిపెట్టు. ప్రింటర్ మోడల్ నంబరు రాసి పంపు, కొన్ని పాత లేజర్ ప్రింటర్లు లినక్స్‌తో మహా మొండికేస్తాయి.

నీ బావ